పగడాల తొట్టికి వడదెబ్బ

బుధవారం

బావగారికి,

చెమటతో తడిసిన చేతులతోనే నమస్కారం పెడుతున్నాను, ఏమీ అనుకోకండి. ఫోను చేద్దామంటే, ముప్పై ఏళ్ళు ఐసు ఫ్యాక్టరీ యంత్రాల హోరులో పనిచేసిన మీ చెవులకి నా గొంతు ఆనదు. పోయినసారి "బాగున్నారా" అని నేను నాలుగుసార్లు అరిస్తే మీరు "ఆదివారమా?" అని అడిగారు. అందుకని ఉత్తరమే నయమనుకున్నాను.

ఇక్కడ ఎండలు మామూలుగా లేవు. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి మా మూడో అంతస్తు హాలు పెనంలా కాలుతోంది. మనుషుల సంగతి సరే, ఏదో పడతాం. నా బెంగంతా మీ అమ్మాయి పెంచుతున్న పగడాల తొట్టి గురించి. మూడేళ్ళ క్రితం అది ఇంట్లోకి వచ్చినప్పుడు నాలుగు రాళ్ళకి ఇంత హంగామా ఏమిటా అనుకున్నాను. "అవి రాళ్ళు కావు మామయ్యా, ప్రాణులు" అని అమ్మాయి చెప్పింది. పదకొండు పగడాలు, నాలుగు చేపలు, ఒక రొయ్య. ఆ రొయ్య చేపల ఒంటి మీది పురుగుల్ని ఏరి శుభ్రం చేస్తుంది. చేపలు దాని ముందు ఆస్పత్రిలో రోగుల్లా వరసలో నిలబడతాయి. నేను దాన్ని డాక్టరుగారంటాను.

ఇప్పుడు తొట్టి అద్దానికి అతికించిన థర్మామీటరు ఇరవై తొమ్మిదిన్నర చూపిస్తోంది. ఇరవై ఆరు దాటకూడదని అమ్మాయి అంటుండగా విన్నట్టు గుర్తు. టేబుల్ ఫ్యాను తెచ్చి అద్దానికి ఎదురుగా పెట్టాను. అద్దం మీద దుమ్ము పోయింది కానీ నీళ్ళలో వేడి పోలేదు. చల్లదనం సంగతి మీకంటే తెలిసినవాళ్ళు మన రెండు కుటుంబాల్లోనూ లేరు. ఏం చెయ్యమంటారు?

ఇట్లు,
మీ దర్జీ వియ్యంకుడు

తా.క. అమ్మాయి కులాసా. తనే రాసేది కానీ ఆఫీసులో ఊపిరాడని పని. ఇప్పుడే బయటికి వెళ్ళింది.


శనివారం

బావగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం అందింది, కాస్త తడిగానే అందింది.

అద్దానికి గాలి కొడితే అద్దం చల్లబడుతుంది, నీళ్ళు కాదు. పైమూత తీసెయ్యండి. ఫ్యానుని ఏటవాలుగా నీళ్ళ మీదికి తిప్పండి. నీళ్ళు ఆవిరైపోతూ వేడిని తమతో తీసుకుపోతాయి. చెమట పట్టిన ఒంటికి గాలి తగిలితే హాయిగా ఉండదూ, ఇదీ అంతే. తగ్గిన నీళ్ళు ఎప్పటికప్పుడు పోస్తూ ఉండండి. తొట్టి లైటు పగలు వద్దు, సాయంత్రం ఐదారు గంటలు చాలు. పడమటి కిటికీకి ముతక తెర కట్టండి.

ఇంకొకటి. తొట్టికి నాలుగడుగుల దూరంలో మీ ఇస్త్రీ బల్ల ఉంది. పొద్దస్తమానం ఆ పెట్టె కాలుతూ ఉంటే పది ఫ్యాన్లు పెట్టినా దండగే. ముందు దాన్ని హాల్లోంచి గెంటండి. ఫ్యాక్టరీలో నా కింద పనిచేసినవాళ్ళకి ఒకమాట రెండుసార్లు చెప్పే అలవాటు నాకు లేదు, బావగారు కాబట్టి మీకు కావాలంటే ఇంకోసారి చెబుతాను.

మీ
ఐసు ఫ్యాక్టరీ బావ

తా.క. అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చాక ఇది చదివి వినిపించండి. తనకి తెలియనిది ఇందులో ఒక్క ముక్క కూడా లేదు. ఒకే ఇంట్లో ఉండి మీకు ఎందుకు చెప్పలేదో నాకు అంతు చిక్కలేదు.


మంగళవారం

బావగారికి,

నమస్కారాలు. మీరు చెప్పినవన్నీ చేశాను, చెప్పనివి కూడా కొన్ని చేశాను.

మూత తీసి ఫ్యాను ఏటవాలుగా పెట్టగానే గంటకల్లా ఒక డిగ్రీ దిగింది. ఏడుపొచ్చినంత పనైంది నాకు. ఇస్త్రీ దగ్గరే చిక్కొచ్చింది. ఆస్పత్రి వాళ్ళవి నలభై తెల్లకోట్లు చేతిలో ఉన్నాయి. ఇస్త్రీ పడకపోతే కోటు కోటులా ఉండదు, దిండుగలీబులా ఉంటుంది. అందుకని బల్లని మెట్ల మలుపులోకి మార్చాను. పై అంతస్తు నర్సమ్మ దిగేటప్పుడల్లా "ఏం అన్నయ్యా, మెట్లు కూడా మడతపెడతారా?" అంటోంది. అన్నట్టు, మీరు ఆఖరిసారి వచ్చినప్పుడు ఆ బల్ల వంటింట్లో ఉండేది. దాన్ని హాల్లోకి తెచ్చిన సంగతి మీకెలా తెలిసింది?

తరవాత నాకొక ఆలోచన వచ్చింది. టేపు తీసి కొలతలు రాసుకున్నాను. పొడవు నలభై ఎనిమిది అంగుళాలు, ఎత్తు ఇరవై నాలుగు, నడుమూ అంతే. రెండు పొరల మధ్య దూది పరిచి, నాలుగు పక్కలా పట్టేట్టు తొట్టికి ఒక కోటు కుట్టాను, ఎండ లోపలికి పోకుండా. ముందువైపు గుండీలు పెట్టాను, చేపల్ని చూడాలనిపిస్తే విప్పుకోవడానికి. నలభై ఏళ్ళుగా కుడుతున్నాను, ఒంటికి ఇంత కుదురుగా కూర్చున్న కోటు మరొకటి లేదు. కొలతలు తీసేటప్పుడు పొట్ట బిగబట్టని మనిషిని మొదటిసారి చూశాను.

నీళ్ళు రోజుకి రెండు చెంబులు తగ్గుతున్నాయి. ఉప్పు కలిపిన నీళ్ళే పోస్తున్నాను. సముద్రంలో పుట్టినవాటికి చప్పిడి నీళ్ళు పోసేంత పిసినారిని కాను.

వేడి మాత్రం ఎందుకో మళ్ళీ ముప్పై దాటింది. అయినా ఒక శుభవార్త. మట్టిరంగులో, పాచిరంగులో ఉండే పగడాలు నాలుగు రోజులుగా తెల్లబడుతున్నాయి! నీలిమందు పెట్టి ఉతికి ఆరేసినట్టు మెరిసిపోతున్నాయి. మూడేళ్ళ మురికి వదిలింది.

ఇట్లు,
మీ దర్జీ వియ్యంకుడు

తా.క. ఆ తెలుపు చూసి అమ్మాయి చప్పట్లు కొట్టింది. "నేను మూడేళ్ళలో చెయ్యలేనిది మీరు వారంలో చేశారు మామయ్యా" అంది.


శుక్రవారం

బావగారూ,

నమస్కారాలు తరవాత. ఈ ఉత్తరం ఇక్కడ ఆపి, లేచి వెళ్ళి ఆ కోటు విప్పెయ్యండి.

విప్పారా? ఇప్పుడు కూర్చుని చదవండి.

ఐసు గడ్డలకి మేం పొట్టు కప్పేది చల్లదనం బయటికి పోకుండా ఉండడానికి. మీ తొట్టిలో మోటార్లున్నాయి, పైన లైటుంది. అవి పుట్టించే వేడి బయటికి పోవాలి. మీరు దాన్ని లోపల పెట్టి గుండీలు కూడా బిగించారు.

తెల్లబడటమంటే మురికి వదలడం కాదు బావగారూ. పగడం ఒంట్లో కంటికి ఆననంత చిన్న పాచిమొక్కలు కాపురముంటాయి. పగడానికి రంగు వాటివల్లే, తిండీ వాటివల్లే. నీళ్ళు వేడెక్కితే పగడం వాటిని బయటికి నెట్టేస్తుంది. నెట్టేసి తెల్లటి ఎముకలా మిగులుతుంది. అప్పుడే చచ్చిపోదు. పస్తులుంటుంది. నీళ్ళు చల్లబడితే ఆ మొక్కలు మళ్ళీ వచ్చి చేరవచ్చు, చేరకపోనూవచ్చు. వారాలు పడుతుంది. అందాకా దాని పక్కన కూర్చోవడం తప్ప ఎవరూ చెయ్యగలిగింది లేదు.

ఇక ఉప్పు. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు తొట్టిలోనే మిగులుతుంది. దాని మీద మీరు మళ్ళీ ఉప్పు పోస్తున్నారు. ఇకనుంచి ఫిల్టరు చేసిన మంచినీళ్ళే, అవీ కొద్దికొద్దిగా. ప్లాస్టిక్ సీసాల్లో నీళ్ళు పోసి, మూతలు బిగించి, గడ్డ కట్టించండి. ఆ సీసాలు తొట్టిలో ఒక్కొక్కటి వెయ్యండి. విడి ఐసు ముక్కలు వెయ్యకండి.

మీ
ఐసు ఫ్యాక్టరీ బావ

తా.క. ఇస్త్రీ బల్ల సంగతి నాకెలా తెలిసిందని అడిగారు. ఊహించాను. అమ్మాయి చప్పట్లు కొట్టిందని రాశారు. ఏ చేతులతో కొట్టిందో ఒకసారి కనుక్కుని రాయండి.


బుధవారం

బావగారికి,

తల వంచుకుని నమస్కారం పెడుతున్నాను.

కోటు విప్పేశాను. కుట్టేటప్పుడు ఒక పూట పట్టింది, విప్పేటప్పుడు గుండీకొక తిట్టు చొప్పున నన్ను నేనే తిట్టుకున్నాను.

సీసాలు మా ఫ్రిజ్‌లో పట్టినన్ని పట్టాయి, మిగతావి నర్సమ్మ ఫ్రిజ్‌లో పెట్టించాను. ఒక్కొక్కటి వెయ్యమన్నారు కదా. చేపకొకటి చొప్పున నాలుగూ, డాక్టరుగారికి ఒకటీ, మొత్తం ఐదు ఒకేసారి వేశాను. పగడాలకి వేరుగా వెయ్యాలా, ఇందులోనే సర్దుకుంటాయా అని ఆలోచిస్తూ నిలబడ్డాను. అరగంటలో ముప్పై ఒకటి కాస్తా ఇరవై నాలుగైంది. నీలం చేప పక్కకి ఒరిగింది. ఒక సీసా తీసేశాను, తరవాత అన్నీ తీసేశాను. అది మళ్ళీ నిటారుగా లేవలేదు. మీ ఉత్తరం ఇంకోసారి చదివాను. ఒకదాని తరవాత ఒకటి అనే మీ ఉద్దేశం అప్పటికి అర్థమైంది.

మర్నాడు మూత లేని తొట్టిలోంచి పసుపు చేప ఎప్పుడు ఎగిరిందో ఎగిరింది. ఆస్పత్రి కోటు కుట్టడానికి కూర్చుంటే, మిషను పెడలు మీద కాలికి మెత్తగా తగిలింది. ఆ పూట మిషను తొక్కలేకపోయాను. రెంటినీ మెట్ల దగ్గరి పూలకుండీలో పాతిపెట్టి, దోమతెర బట్టతో తొట్టికి పైన వలలా కుట్టి బిగించాను. ఆ పని మొదటిరోజే చెయ్యవలసింది. అందరి కొలతలకీ సరిపడా కుడతాను కానీ అవసరానికి సరిపడా కుట్టడం ఇంకా రాలేదు.

వల కుడుతున్న మిషను చప్పుడుకి మావాడు గదిలోంచి బయటికి వచ్చాడు. ఇంట్లో ఏసీ ఉన్నది వాడి గదిలోనే, ఇంటినుంచే ఆఫీసు పని కాబట్టి వాడు తలుపు వేసుకునే ఉంటాడు. తొట్టి వంక చూడకుండానే "తీసి పారెయ్యి నాన్నా. ఎవరికోసం ఇదంతా?" అన్నాడు. ఆఫీసు చిరాకు, మీరేమీ అనుకోకండి.

ఇట్లు,
మీ దర్జీ వియ్యంకుడు

తా.క. చేపలు పోయిన సంగతి అమ్మాయికి ఇంకా చెప్పలేదు. జలుబు చేసి, గొంతు పోయి, గదిలోంచి బయటికి రావడం లేదు. మీరూ చెప్పకండి, తట్టుకోలేదు.


సోమవారం

బావగారికి,

నమస్కారాలు. ఈసారి తప్పు మీది కాదు. "ఒకటి కరిగాక ఇంకొకటి" అని రాయవలసింది. ఫ్యాక్టరీలో నా నోటిమాట అందరికీ అర్థమయ్యేది. కాగితం మీద రాసేసరికి నలుగురికి నాలుగు రకాలుగా తోస్తుంది కాబోలు.

నీలం చేప పోయిందని చదివి మా ఇద్దరికీ రెండు పూటలు ముద్ద దిగలేదు. ఇద్దరమంటే నేనూ, మా పిల్లీ.

మిగిలిన రెండు చేపలకీ తిండి సగం చెయ్యండి, వేడిలో అరగదు, నీళ్ళు పాడవుతాయి. సాయంత్రం లైటు వెయ్యగానే పగడాల మీద వేళ్ళలాంటివి విచ్చుకుంటున్నాయేమో చూడండి. విచ్చుకుంటే ఆశ ఉన్నట్టు. ముట్టుకోకండి. తెల్లగా ఉన్నా సరే, కుళ్ళు వాసన రానంత వరకూ ఏ ఒక్కదాన్నీ బయట పారెయ్యకండి.

మరొక మాట. అమ్మాయికి మొదటి ఉత్తరంలో పని ఒత్తిడి, ఇప్పుడు జలుబు, గొంతు కూడా లేదు. నాలుగు రోజులు ఇక్కడికి పంపండి. మా ఊళ్ళో సాయంత్రాలు కాస్త గాలి తిరుగుతోంది. కూతుర్ని చూసి నాలుగు నెలలైంది. తండ్రిని కదా.

మీ
ఐసు ఫ్యాక్టరీ బావ

తా.క. పిల్లి మిమ్మల్ని అడిగినట్టు చెప్పమంది. నడుం నొప్పికి మందు రాసుకుంటున్నారా లేదా అని కూడా అడగమంది.


శుక్రవారం

బావగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఎన్నిసార్లు చదివినా అందులో ఒకే మాట కనబడుతోంది. కోడల్ని నేను సరిగ్గా చూసుకోవడం లేదనేగా మీ అనుమానం? పైకి అనలేక పంపమంటున్నారు. ఈ మూడేళ్ళలో ఆ పిల్లకి నేను ఒక గట్టి మాట అన్నది లేదు. కావాలంటే తననే అడగండి. అంటే, ఇక్కడికి వచ్చి అడగమని కాదు.

పంపడానికి అభ్యంతరమేమీ లేదు. నిన్న మెట్లు దిగుతుంటే కాలు బెణికింది పాపం. ఇస్త్రీ బల్లకి తగిలి పడింది. డాక్టరు కదలొద్దన్నాడు. మన డాక్టరుగారు కాదు, మనుషుల డాక్టరు.

తొట్టి సంగతి. సీసాలు ఒకదాని తరవాత ఒకటే వేస్తున్నాను, ఇరవై ఎనిమిది దగ్గర నిలబడింది. తెల్లబడినవాటిలో మూడు నల్లగా మారి కంపు కొడితే తీసేశాను. ఎనిమిది ఉన్నాయి. వాటిల్లో రెండు సాయంత్రం వేళ్ళు చాపుతున్నాయి. మొన్నటినుంచి మధ్యాహ్నం పూట మావాడి గది తలుపు బారెడు తెరిచి ఉంటోంది, ఏసీ గాలి హాల్లోకి వస్తోంది. వాడే తెరుస్తున్నాడో, గడియ సరిగ్గా పడక తెరుచుకుంటోందో నేను అడగలేదు. అడిగితే మూసేస్తాడని భయం.

ఇట్లు,
మీ దర్జీ వియ్యంకుడు

తా.క. మీ పిల్లి చేప పోయిందని ముద్ద మానేసిందంటున్నారు. పిల్లి ఆరోగ్యం కూడా ఒకసారి చూపించుకోవడం మంచిది.


మంగళవారం

బావగారికి,

నమస్కారాలు. కాలు బెణికితే అమ్మాయి ప్రయాణం చెయ్యలేదు, నిజమే. అందుకని నేనే వస్తున్నాను. వచ్చే ఆదివారం పొద్దుటి బస్సుకి బయల్దేరుతాను. తనకి ఏమైనా చెప్పాలనుంటే నేరుగా నా చెవిలో గట్టిగా చెప్పవచ్చు.

మీ మీద నాకు ఏ అనుమానమూ లేదు. అనుమానం ఉంటే ఇన్ని ఉత్తరాలు రాయను.

మీ
ఐసు ఫ్యాక్టరీ బావ

తా.క. మా పిల్లి శాకాహారి.


శుక్రవారం

బావగారికి,

దయచేసి బస్సు ఎక్కకండి. ఇది అన్నిటికంటే త్వరగా చేరే టపాలో వేస్తున్నాను.

ముందు నిన్నటి సంగతి చెబుతాను. అది చెబితే కానీ రెండోది చెప్పే ధైర్యం రాదు.

నిన్న పొద్దున పది గంటలకి వీధిచివర ట్రాన్స్‌ఫార్మరు పెద్ద చప్పుడుతో పేలిపోయింది. కరెంటు పోయింది. తొట్టిలో మోటార్లు ఆగిపోయాయి, ఫ్యాను ఆగిపోయింది. తొట్టి అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ వినలేదు. పదకొండుకి నీళ్ళు ముప్పై. చేపలు రెండూ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. గరిటె తెచ్చి నీళ్ళు తిప్పుతున్నాను. చొక్కా మొత్తం తడిసిపోయింది. నేను తిప్పుతున్నానో, అవి నన్ను తిప్పుతున్నాయో తెలియని స్థితి.

మావాడు గదిలోంచి వచ్చి కాసేపు గుమ్మంలో నిలబడ్డాడు.

"అలా కాదు నాన్నా," అన్నాడు. "తను ఇలా చేసేది."

గ్లాసు తీసుకుని, తొట్టిలో నీళ్ళు ముంచి, జానెడు ఎత్తునుంచి మళ్ళీ తొట్టిలోకే పోశాడు. నీళ్ళలోకి గాలి కలవాలట. ముంచడం, పోయడం. ముంచడం, పోయడం. నేను పక్కన కూర్చుని నమూనాలు కత్తిరించుకునే అట్టతో నీళ్ళ మీద విసిరాను. చెయ్యి నొప్పి పుడితే మారేవాళ్ళం. ఫ్రిజ్‌లో ఉన్న సీసాలన్నీ అయిపోయాక నర్సమ్మ తనవి తెచ్చి ఇచ్చింది. ఆవిడ కూడా కాసేపు విసిరింది, "నా డ్యూటీలో ఇంతమంది కలిసి ఒక పేషెంటుని చూడ్డం ఎప్పుడూ లేదు అన్నయ్యా" అంటూ.

ఏ మూడింటికో మావాడు గ్లాసు ఆపకుండానే అన్నాడు, "తను ఉంటే ఇంతదాకా రానిచ్చేది కాదు."

"పోనీ ఒకసారి మాట్లాడి చూడరా," అన్నాను.

"ఏం మాట్లాడను నాన్నా? ఉన్నన్నాళ్ళూ మాట్లాడలేదు. రోజూ పిలిచి ఇది చూడు, అది చూడు అనేది. నేను ఫోన్లోంచి తల ఎత్తలేదు. ఇప్పుడు పిలిచి ఏమని చెప్పను, చూశానని చెప్పనా?"

అట్ట విసురుతూ ఉన్నాను. సాయంత్రం ఐదింటికి కరెంటు వచ్చింది. మోటారు చప్పుడు వినగానే వాడు గ్లాసు కిందపెట్టి, గదిలోకి వెళ్ళి, ఏసీ వేసి తలుపు బార్లా తెరిచాడు. ఈసారి నా కళ్ళముందే తెరిచాడు. రెండు చేపలూ, డాక్టరుగారూ ఉన్నారు. పగడాలు ఇవాళ పొద్దుటికి నాలుగు మిగిలాయి. పదకొండింటిలో నాలుగు.

ఇప్పుడు రెండో సంగతి.

అమ్మాయి ఈ ఇంట్లో లేదు బావగారూ. ఎండలు ముదరకముందే వెళ్ళిపోయింది. ఏ గొడవా జరగలేదు. ఒక పెట్టె సర్దుకుని, నా మిషను దగ్గరికొచ్చి, "హాస్టల్లో ఉంటాను మామయ్యా. నాన్నకి చెప్పకండి, ఆయన గుండె తట్టుకోదు" అని మాట తీసుకుంది. తొట్టి వంక ఒకసారి చూసి దిగిపోయింది. ఏ హాస్టలో తెలియదు. ఫోను ఎత్తడం లేదు. ఆ మాట నిలబెట్టుకోవడానికి ఒక అబద్ధం రాశాను. దాన్ని కప్పడానికి ఇంకొకటి. జలుబు నేనే చేయించాను, కాలు నేనే బెణికించాను. మీ కూతురు ఎలా ఉందో నాకు తెలియదు. తెలియకుండానే కులాసా అని ఇన్నాళ్ళూ మీకు రాశాను. మీరు ఆదివారం వస్తే చూపించడానికి నా దగ్గర నాలుగు పగడాలు తప్ప ఎవరూ లేరు.

తిట్టాలనిపిస్తే తిట్టండి. నేను తొట్టిని బతికిస్తే తను ఎప్పుడైనా దాన్ని చూడ్డానికైనా వస్తుందనుకున్నాను. అంతకంటే నాకు తోచలేదు.

మీ క్షమాపణ కోరే
దర్జీ

తా.క. ఆ రోజు చప్పట్లు కొట్టింది నేనే.


గురువారం

బావగారికి,

ఇక మనం వియ్యంకులం అవునో కాదో తెలియక, పైన ఏమని రాయాలా అని కాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. వేరే మాట దొరకలేదు. కాబట్టి బావగారికి నమస్కారాలు.

ఆదివారం బస్సు ఎక్కలేదు. ఎక్కే ఉద్దేశం మొదటినుంచీ లేదు. కూతురు ఇంట్లోనే ఉంటే, కూతుర్ని చూడ్డానికి బస్సెక్కి ఎక్కడికి వస్తాను?

అవును. హాస్టల్లో పది రోజులుండి ఇక్కడికి వచ్చేసింది. మీ మొదటి ఉత్తరం వచ్చేనాటికే ఇక్కడ ఉంది. ఫ్యాను ఏటవాలుగా పెట్టమన్నది తనే, ఇస్త్రీ బల్ల తియ్యమన్నది తనే. రాసింది మాత్రం నేను. పగడాల ఒంట్లో కాపురాల సంగతి ఐసు ఫ్యాక్టరీవాడికి ఎలా తెలుస్తుందని మీరు ఒక్కసారి కూడా అనుమానించలేదు. మీ మంచితనమే మాకు కలిసొచ్చింది.

మీకు చెప్పొద్దని నా దగ్గర కూడా మాట తీసుకుంది. తను ఇక్కడుందని తెలిస్తే మీరు తొట్టి సంగతి మానేసి రాజీ సంగతి రాస్తారని భయం. నా గుండె సంగతికొస్తే, అది బాగానే ఉంది. చెవులే పోయాయి.

మీకు ఒక సంగతి చెప్పాలి. వచ్చిన కొత్తలో అమ్మాయి నోరు విప్పేది కాదు. విప్పినా నాకు వినబడదు. మాట్లాడని మనిషీ, వినబడని మనిషీ ఒక ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో మీరు ఊహించుకోండి. ఇరవై రోజులు గోడలు చూసుకుంటూ గడిపాం. అప్పుడు మీ ఉత్తరం వచ్చింది. చదివి, లేచి, అటక మీదున్న తన చిన్నప్పటి పలక దింపి, "ఫ్యాను అలా కాదు" అని రాసి నా ముందు పెట్టింది. ఆ రోజునుంచీ మేం పలక మీద మాట్లాడుకుంటున్నాం. మీరు కోటు కుట్టారని చదివి ఏడ్చింది. తను చప్పట్లు కొట్టినట్టు చదివి నవ్వింది. ఆ నవ్వు నాకు వినబడలేదు కానీ, భుజాలు కదలడం చూశాను. నీలం చేప పోయినప్పుడు నేను పొరపాటున "మా ఇద్దరికీ" అని రాసేశాను. కొట్టేస్తే కనబడుతుందని, "పిల్లి అని రాయి నాన్నా" అని పలక మీద రాసింది. మా ఇంట్లో పిల్లి లేదు.

మొన్నటి ఉత్తరం తనే గట్టిగా నా చెవి దగ్గర చదివింది. అల్లుడు గంటలకొద్దీ గ్లాసుతో నీళ్ళు పోశాడన్నచోట ఆగిపోయింది. పలక ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. కాసేపయ్యాక కొంగుతో పలక తుడిచింది. ఏమీ రాయని పలకని ఎందుకు తుడిచిందో నేను అడగలేదు.

మీ దగ్గర దాచడానికి నాకూ ఇక ఓపిక లేదు. తను తిరిగి రానంటోంది. రాసి, కింద గీత కూడా గీసింది. నేను ఒత్తిడి చెయ్యను, మీరూ అబ్బాయిని ఒత్తిడి చెయ్యకండి. సముద్రం పక్కన ఏదో చేపల పరిశోధనశాలలో ఉద్యోగం దొరికింది. సోమవారం ప్రయాణం. తొట్టిని వెంట తీసుకెళ్ళమన్నాను. తలూపలేదు. "నాలుగు మిగిల్చారు నాన్నా, నేనైతే అన్నీ పోగొట్టేదాన్ని. మామయ్య దగ్గరే ఉండనీ" అని రాసింది. కాబట్టి అది ఇక మీది.

మీ
బావ

తా.క. సోమవారం తరవాత ఈ ఇంట్లో పలక మీద రాసేవాళ్ళు ఉండరు. తొట్టిలో వేడి ఎంతుందో వారానికోసారి రాయండి. ఉత్తరం రాసే తీరిక లేకపోతే కార్డు మీద అంకె ఒక్కటి వేసి పంపినా చాలు. ఎక్కువగా ఉంటే ఇక్కడ కూర్చుని కంగారుపడతాను. చల్లగా ఉంటే నమ్మను.